కాస్‌ప్లే రోజుకు సంచి సర్దుకొనే ముందు

చెన్నై నందంబాక్కంలోని ట్రేడ్ సెంటర్‌లో జరిగే కామిక్స్, సినిమా అభిమానుల వేడుక కామిక్ కాన్‌కు కాస్‌ప్లే కోసం, అంటే నచ్చిన పాత్రలా, వేషం కట్టుకొని వెళ్లేవారు దుస్తులపై నెలల తరబడి శ్రమిస్తారు, వెంట ఉంచుకోవలసిన సంచిని మాత్రం ఆ ఉదయం హడావుడిగా నింపుతారు. దానిని ముందురోజు రాత్రే సర్దుకోవాలి.

మొదట జిగురు సంగతి చూడండి. ఫోమ్ కవచాన్ని జిగురును కరిగించి పూసే గ్లూ గన్‌తో అతికించి ఉంటే, ఎండలో నిలిపిన కారులో ఆ జిగురు మెత్తబడి అతుకులు విడిపోవచ్చు కనుక, కవచాన్ని కారులో వదలకుండా, అవసరానికి ఒక సూపర్ గ్లూ ట్యూబును దగ్గర ఉంచుకోండి. అయితే దానిని నూలు బట్టపై ఎన్నడూ వేయకండి. నూలు తగిలితే అది రసాయన చర్యతో ఒక్కసారిగా వేడెక్కుతుంది. మా తమ్ముడి నూలు చేతి తొడుగుపై నాలుగు చుక్కలు పడగానే సన్నని పొగ లేచి, వేలిపై బొబ్బ తేలింది. బట్ట చిరిగితే పిన్నీసులే శరణ్యం. సూదిలో వేషం రంగు దారాన్ని ఇంట్లోనే ఎక్కించి ఉంచండి.

చెన్నై ఉక్కపోతలో విగ్గు, కవచం కింద చెమట ధారగా కారుతుంది. 21 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు మంచినీటిలో కలిపి తీసుకెళ్లండి. తల తిరిగినట్లనిపిస్తే ఫొటోల గురించి ఆలోచించకుండా విగ్గు తీసి నీడకు చేరండి.

రంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకొనేవారు డబ్బీ, ద్రావణం తప్పక తీసుకెళ్లాలి. లెన్సును కుళాయి నీటితో కడగరాదు.

సంచిని వేషం లేని తోడు మనిషికి అప్పగించండి.