యుద్ధ బోర్డు ఆటలకు సొంత నియమాలు – 4వ పాఠం: కొత్త ఆయుధం ఎంతకు, ఎప్పుడు?

గత పాఠంలో ఏ నియమాన్నైనా కాల్బలంతో తూచడం నేర్చుకున్నాం. "ఈ ఖర్చుతో ఎంతమంది సిపాయిలు వస్తారు?" అని అడగడమే మన కొలబద్ద. ఈ పాఠంలో దానితో చాలా పని పడుతుంది. ఆయుధ పరిశోధన నియమం ఉన్న ప్రతి ఆటలోనూ ఎక్కువ తగాదాలు తెచ్చేది ఆ నియమమే.

సాధనకు యాక్సిస్ అండ్ అలైస్‌ను తీసుకుందాం. లారీ హారిస్ రూపొందించిన ఈ రెండో ప్రపంచ యుద్ధపు ఆట 1981లో మొదటిసారి వచ్చింది. 1984లో మిల్టన్ బ్రాడ్లీ ప్రచురించాక చాలామందికి చేరింది. ఆ 1984 పెట్టెలో పరిశోధన ఇలా సాగుతుంది. మీ వంతు మొదట్లో 5 పాయింట్లు కట్టి ఒక పాచిక వేస్తారు. 6 పడితే ఒక ఆవిష్కరణ మీది. అది ఏదో తేల్చడానికి మళ్లీ వేస్తారు: జెట్ విమానాలు, రాకెట్లు, మెరుగైన జలాంతర్గాములు, దూరం ఎగిరే విమానాలు, చౌక ఉత్పత్తి, భారీ బాంబర్లు. మొదటి పాచిక పారకపోతే కట్టిన డబ్బు గాలికి పోయినట్టే.

ఇప్పుడు కొలబద్ద తీయండి. ఆరింటికి ఒకటి చొప్పున పడే 6 కోసం సగటున 30 పాయింట్లు ఖర్చవుతాయి. కాల్బలం ఒక్కొక్కటి 3 పాయింట్లు కాబట్టి ఇది పదిమంది సిపాయిల ఖరీదు. ఆట మొదట్లో జర్మనీ ఆదాయం 32. అంటే దాదాపు ఒక వంతు రాబడి అంతా, ఏం చేతికొస్తుందో తెలియని మూట కోసం ధారపోయాలి. ఫలానా ఆవిష్కరణే కావాలని పట్టుబడితే ఒక్కో పాచికకు 36లో ఒక్క అవకాశం. ఇంత చెప్పాక ఎవరూ ఆ జోలికి పోకూడదు. కానీ పోతారు, ఎందుకంటే అప్పుడప్పుడూ మొదటి పాచికే పారుతుంది.

మా బల్ల మీద అలాగే జరిగింది. రెండో రౌండులో ఒకరు మిగిలిన 5 పాయింట్లతో సరదాకి పాచిక వేస్తే 6 పడింది, మళ్లీ వేస్తే భారీ బాంబర్లు. ఆ పెట్టె నియమం ప్రకారం భారీ బాంబర్ ఒక్కొక్కటి దాడిలో మూడు పాచికలు వేస్తుంది, 4 గానీ అంతకంటే తక్కువ గానీ పడిన ప్రతిదీ దెబ్బే. మామూలు బాంబర్ ఒక్క పాచికతో సగటున 0.67 దెబ్బలు కొడితే ఇది 2 కొడుతుంది. 15 పాయింట్ల విమానం 45 పాయింట్ల పని చేస్తుందన్నమాట. ఆ తర్వాత మూడు గంటలు కూర్చుని ఆడాం గానీ, ఆట నిజానికి అప్పుడే ముగిసింది.

ఇలాంటి అనుభవం తర్వాత చాలామంది పరిశోధనే వద్దనుకుంటారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే అది. ఈ నియమంలో ఉన్నవి మూడు వేరువేరు జబ్బులు: ఓడిన డబ్బు ఆనవాలు లేకుండా పోవడం, గెలిచినదాని బలం మితిమీరడం, అది చెప్పాపెట్టకుండా విరుచుకుపడటం. ఒక్కో ఆటకు ఒక్క జబ్బుకే మందు వేయండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏ మార్పు పనిచేసిందో మీకే తెలియదు.

మొదటిదానికి మందు 2008లో వచ్చిన వార్షికోత్సవ ముద్రణలోనే ఉంది. అక్కడ 5 పాయింట్లకు పాచిక బదులు బిళ్ల కొంటారు. వంతుకొకసారి, ఎన్ని బిళ్లలుంటే అన్ని పాచికలు వేస్తారు. ఒక్క 6 కూడా పడకపోతే బిళ్లలు తర్వాతి వంతుకు మిగులుతాయి. పడితే అన్నీ పెట్టెలోకి పోతాయి. వంతుకొక బిళ్ల చొప్పున కొన్నారనుకుందాం. మొదటి వంతులో ఒక పాచిక, రెండో వంతులో రెండు, మూడో వంతులో మూడు, మొత్తం ఆరు. ఆరూ తప్పే అవకాశం (5/6)^6, అంటే వందకు సుమారు 33. కాబట్టి 15 పాయింట్లతో గెలుపు అవకాశం వందకు 67. అవే 15 పాయింట్లు పాత పద్ధతిలో అయితే వందకు 42 మాత్రమే. పూర్తి లెక్క వేస్తే సగటు ఖర్చు 30 నుంచి దాదాపు 15కు దిగుతుంది.

ఇక్కడ ఒక కన్నం ఉంది. మొదటి వంతులోనే మూడు బిళ్లలు కొని చేతులు కట్టుకుని కూర్చుంటే, మూడో వంతుకల్లా అవకాశం వందకు 81కి చేరుతుంది. అప్పుడు అందరూ అదే చేస్తారు, ప్రతి ఆటా ఒకేలా మొదలవుతుంది. అందుకే నా నియమం: వంతుకు ఒక్క బిళ్లే కొనాలి, అదీ బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాలి. ఎదుటివారు మీ బిళ్లల కుప్పను చూసి జాగ్రత్త పడతారు. ఆ భయం కూడా ఆటలో భాగమే.

బలం మితిమీరడం సంగతి త్వరగా తేలిపోతుంది. భారీ బాంబర్‌కు రెండు పాచికలు ఇచ్చి, మెరుగైన ఒక్కదాన్నే లెక్కపెట్టండి. రెండూ తప్పే అవకాశం తొమ్మిదింట ఒకటి కాబట్టి సగటు దెబ్బ 0.89. మామూలు బాంబర్ కంటే మూడింట ఒక వంతు మెరుగు. ఊరిస్తుంది గానీ ఆటను మింగదు. 2004 సవరణ ముద్రణలో కావలసిన ఆవిష్కరణను ముందే ఎంచుకోనిచ్చారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ ఆరింటి బలం సమానంగా లేనప్పుడు అందరూ ఒకదాని మీదే పడతారు. ముందు బలాలు సరిచేయండి, ఎంపిక ఆ తర్వాత.

మూడో జబ్బే అసలైనదని నా అభిప్రాయం, మందు మాత్రం ఒక్క వాక్యమే: ఆవిష్కరణ ఆ వంతు చివర అమల్లోకి వస్తుంది. పాత పద్ధతిలో వంతు మొదట్లో 6 పడితే అదే వంతులో దాడి చేయవచ్చు. ఎదుటివారు తమ ఓడలను నిన్నటి లెక్క ప్రకారం నిలబెట్టారు, మీరు ఇవాళ్టి లెక్కతో కొట్టారు. వారి తప్పు ఏమీ లేదు. ఒక్క వంతు ఆగితే వారు ఓడలను వెనక్కి లాగవచ్చు, ఫైటర్లను తెచ్చి కాపలా పెట్టవచ్చు, లేదా మీ బాంబర్లు లేవకముందే ఆ స్థావరం మీద పడవచ్చు. మొదటి రెండు మార్పులకు మీ మిత్రులు ఒప్పుకోకపోయినా దీనికి ఒప్పించండి.

ఇష్టమైతే ఇంకొకటి. 1940 సెప్టెంబరులో హెన్రీ టిజార్డ్ నేతృత్వంలోని బ్రిటిష్ బృందం రాడార్‌కు కీలకమైన క్యావిటీ మాగ్నెట్రాన్‌ను అమెరికాకు అందించింది. పెట్టెలోని నియమం మాత్రం ఎవరి ఆవిష్కరణ వారిదే అంటుంది. మిత్రుడి దగ్గర ఇప్పటికే ఉన్న ఆవిష్కరణ కోసం ప్రయత్నిస్తే 5 పడినా చెల్లుతుందని రాసుకోండి. ఒక్కో పాచికకు అవకాశం మూడింట ఒకటి అవుతుంది. ఇక పాచికే వద్దనుకునేవారికి వేరే దారి ఉంది: 1980లో ఫ్రాన్సిస్ ట్రెషమ్ తెచ్చిన సివిలైజేషన్‌లో విద్యలను నేరుగా కొంటారు, ఉన్న విద్య కొత్తదాని ధరను తగ్గిస్తుంది. దాన్ని యుద్ధ ఆటలోకి తేవడం మరో పాఠానికి సరిపడా పని.

ఈ వారం అభ్యాసం: వంతుకొక బిళ్ల నియమానికి "ఐదో బిళ్ల కొన్న వెంటనే, పాచికతో పని లేకుండా ఆవిష్కరణ దక్కుతుంది" అని చేర్చండి. ఎవరికైనా గరిష్ఠ ఖర్చు ఎంత? వందమందిలో ఎంతమంది ఐదో బిళ్ల దాకా వెళ్లాల్సి వస్తుంది? ముందు కాగితం మీద లెక్క వేయండి, తర్వాత పాచికలతో ఇరవైసార్లు ఆడి రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసుకోండి. 5వ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాం.