కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళు పని ఎప్పుడు ఆపాలి? నొప్పి రాకముందే

మోకాళ్ళు బాగున్న రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని ఎవరైనా చెబితే మొదట్లో నాకు ఎక్కేది కాదు. ఇవాళ నొప్పి లేదు కదా అని పొద్దున లేచింది మొదలు ఇల్లు తుడవడం, బీరువా సర్దడం, వారంగా పేరుకుపోయిన బట్టలు ఉతకడం, అన్నీ ఒక్కరోజే పెట్టుకునేదాన్ని. మర్నాడు మంచం దిగలేకపోయేదాన్ని. రెండు మూడు రోజులు పడుకుని కాస్త తేలిక పడగానే, ఆ రోజుల పని కూడా మిగిలిపోయింది కాబట్టి మళ్ళీ అదే పరుగు. ఇలా చేసిన ప్రతిసారీ నేను చేయగలిగే పని కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. పడుకున్న రోజుల్లో తొడ కండరాలు బలం కోల్పోతాయి, అవి నీరసిస్తే మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మనం మామూలుగా ‘గుజ్జు అరిగిపోయింది’ అంటామే, ఆ మృదులాస్థికి నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. అది అరుగుతున్నప్పుడు తనంతట తాను నొప్పి రూపంలో చెప్పలేదు, చుట్టూ ఉన్న ఎముక, కీలు లోపలి పొర ఇబ్బంది పడ్డాకే మనకు తెలుస్తుంది. దానికి పోషణ అందేది కూడా కీలులో ఉండే ద్రవం నుంచే, కీలు కదిలితేనే ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. అందుకే పూర్తిగా కదలకుండా ఉండటం మందు కాదు, ఒళ్ళు హూనం చేసుకోవడమూ కాదు. ఈ రెండింటి మధ్య మీ కొలత ఎంతో మీరే కనిపెట్టాలి.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి, ఊరికే రాసుకోండి. ఏ పని చేశారు, ఎన్ని నిమిషాలు చేశారు, నొప్పి ఎప్పుడు మొదలైంది, పదికి ఎంత వేస్తారు, రాత్రి నిద్ర ఎలా పట్టింది, మర్నాడు పొద్దున ఎలా లేచారు. అన్నిటికంటే చివరిది ముఖ్యం. పని చేస్తున్నప్పుడు ఒళ్ళు వేడి మీద ఉంటుంది, అసలు లెక్క మర్నాడు తేలుతుంది.

తర్వాత ఒక్కో పనికి మీ నిమిషాలు తేల్చుకోండి. ఉదాహరణకి వంటింట్లో నిలబడి పని చేయడం తీసుకుందాం. బాగాలేని రోజు 12 నిమిషాలకే నొప్పి వచ్చింది, మామూలు రోజు 18, బాగున్న రోజు 30. మూడూ కలిపితే 60, సగటు 20 నిమిషాలు. అందులో ఐదో వంతు తీసేయండి, 16 వస్తుంది. సరే, 15 అనుకుందాం. ఇక మీరు ఒక విడతలో నిలబడేది 15 నిమిషాలే, నొప్పి ఉన్నా లేకపోయినా, పని అయినా కాకపోయినా. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, ఎందుకంటే ‘ఇంకో నాలుగు గిన్నెలే కదా’ అని మన మనసు మనల్నే ఒప్పిస్తుంది, దెబ్బ తినేది అక్కడే. నిజం చెప్పాలంటే ఈ పద్ధతిలో కష్టమైన భాగం ఇదొక్కటే: బాగా ఉన్నప్పుడు, ఓపిక ఉన్నప్పుడు, చేతిలో పని సగంలో ఉండగా ఆపడం. మొదటి వారం నాకు కోపం వచ్చేది, ఏదో తప్పు చేస్తున్నట్టు అనిపించేది. మీకూ అలాగే అనిపించవచ్చు, అయినా ఆపండి.

ఆపడం అంటే వెళ్ళి మంచం మీద పడుకోవడం కాదు. ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాచి తొడ కండరాన్ని బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలండి, ఒక పదిసార్లు. ఆ తర్వాత కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే అందుకోండి, కూరగాయలు తరగడమో, బట్టలు మడతపెట్టడమో. అలాగని కూర్చున్నచోటే గంటలు గంటలు ఉండిపోతే కీళ్ళు బిగుసుకుపోతాయి కాబట్టి అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

వారం పనులన్నీ ఒక కాగితం మీద రాసి చూస్తే, బరువైనవి రెండు ఒకే రోజు పడకుండా సర్దుకోవచ్చు. అందులో మానేయగలిగేవి, వేరేవాళ్ళకి అప్పగించగలిగేవి ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. ఇంట్లోవాళ్ళకి ‘నాకు ఒంట్లో బాగాలేదు, సాయం చెయ్యండి’ అని చెబితే ఏం చేయాలో వాళ్ళకి తెలియదు, ‘ఈ బకెట్ నువ్వు మోసిపెట్టు, మిగతాది నేను చూసుకుంటా’ అంటే వెంటనే చేస్తారు.

నొప్పితో పాటు వచ్చే నీరసం ఇంకో బాధ. రాత్రి నొప్పికి నిద్ర చెదురుతుంది, పగలు కుంటుతూ నడవడానికి కండరాలు ఇంకా ఎక్కువ కష్టపడతాయి, సాయంత్రానికి ఒంట్లో ఏమీ మిగలదు. లేవగానే కీళ్ళలో ఉండే బిగుతు ఈ జబ్బులో సాధారణంగా అరగంటలోపు సడలుతుంది, ఆ అరగంటలో పని పెట్టుకోకండి. రోజులో మీకు ఏ వేళ కాస్త ఓపిక ఉంటుందో మీ డైరీనే చెబుతుంది, కష్టమైన పని ఆ వేళకి ఉంచుకోండి.

మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు, రైలింగ్ పట్టుకునే. చేతికర్ర వాడితే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి, చాలామంది తిరగేసి పట్టుకుంటారు.

వారం పది రోజులు పొద్దున లేవడం ఒకేలా ఉంటే అప్పుడు పెంచండి, పదో వంతు మాత్రమే, అంటే 15 కాస్తా 16, 17 అవుతుంది. పని చేస్తున్నప్పుడు పదికి మూడు నాలుగు నొప్పి ఉండి మర్నాటికి సర్దుకుంటే భయపడక్కర్లేదు. మర్నాడు ముందుకంటే ఎక్కువ ఉంటే పాత కొలతకి దిగండి. నొప్పి బాగా ఎగదోసిన రోజున కూడా పూర్తిగా మానేయకుండా సగం చేయండి. మాత్ర వేసుకున్నాక నొప్పి కనబడదు, ఆ ధైర్యంతో మాత్రం నిమిషాలు పెంచకండి.

కీలు ఉన్నట్టుండి వాచి ఎర్రగా వేడెక్కినా, జ్వరం వచ్చినా, మోకాలు మడిచినచోటే ఇరుక్కుపోయినా, కాలు మీద బరువు మోపలేకపోయినా ఈ నిమిషాల లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. పొద్దున బిగుతు గంట దాటినా చూపించుకోవాల్సిందే, అది వేరే రకం ఆర్థరైటిస్ కావచ్చు. తొడ కండరాల వ్యాయామాలు మీకు ఏవి సరిపోతాయో ఫిజియోథెరపిస్ట్‌తో ఒకసారి చూపించుకుని నేర్చుకుంటే మంచిది.

ఎంత ప్లాన్ చేసుకున్నా ఎక్కువ చేయక తప్పని రోజులు వస్తాయి, ప్రయాణాలు, ఇంటికి చుట్టాలు. అలాంటి రోజు ముందే తెలిస్తే దానికి ముందు రోజు తేలికపాటి పనులతో సరిపెట్టుకోండి. మర్నాటికి బరువైన పనులేవీ పెట్టుకోకండి, ఎవరడిగినా ఆ రోజు కుదరదనే చెప్పండి.