ఆర్గానిక్ రియాక్షన్లు కలగాపులగం కాకుండా నేను చేసింది

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీలో నా తలనొప్పంతా ఆర్గానిక్‌తోనే. పుస్తకం చూస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉండేవి. టెస్టులో రీమర్-టీమన్ చర్య అడిగితే చేయి కోల్బె చర్య రాసేది. పేర్లు బట్టీ కొట్టడం ఆపి, కొత్త కార్బన్ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడటం మొదలుపెట్టాక దారిలో పడింది. రెండూ ఫినాల్‌తో, క్షారంతో జరిగేవే. కొత్త సమూహం ముఖ్యంగా ఆర్థో స్థానంలోనే, అంటే OH ఉన్న కార్బన్‌కు పక్క కార్బన్ మీదే, చేరుతుంది. రీమర్-టీమన్‌లో క్లోరోఫాం వేస్తే దాని కార్బన్ ఆల్డిహైడ్‌గా మారి సాలిసిలాల్డిహైడ్ వస్తుంది. కోల్బెలో కార్బన్ డయాక్సైడ్ పంపి చివర ఆమ్లం కలిపితే సాలిసిలిక్ ఆమ్లం. ఆల్డిహైడ్‌ల ఆల్డాల్, కానిజారో చర్యల గొడవా ఇంతే: ఆల్ఫా హైడ్రోజన్ (CHO పక్క కార్బన్ మీది హైడ్రోజన్) ఉందా, లేదా? ఎసిటాల్డిహైడ్‌కు ఉంది కాబట్టి ఆల్డాల్. ఫార్మాల్డిహైడ్, బెంజాల్డిహైడ్‌లకు లేదు, గాఢ క్షారంతో కానిజారో.

రాత్రిపూట పుస్తకం మూసేసి, తెల్లకాగితం మధ్యలో ఫినాల్ అని రాసి చుట్టూ బాణాలు గీసేవాణ్ణి. రానిచోట ఖాళీ వదిలి, అంతా అయ్యాకే పుస్తకం తెరిచేవాణ్ణి. మర్నాడు ఆ ఖాళీలతోనే మొదలు. రంగు రంగుల హైలైటర్ల వల్ల నాకైతే ఒరిగిందేమీ లేదు.

లెక్కల్లో టెన్షన్ పెట్టింది నెర్న్‌స్ట్ సమీకరణం, అంటే అయాన్ల గాఢతను బట్టి సెల్ వోల్టేజి కట్టే సూత్రం. జింక్, కాపర్‌లతో చేసే డానియల్ సెల్ ప్రమాణ విలువ 1.10 వోల్టులు. జింక్ అయాన్ల గాఢత కాపర్ అయాన్ల కంటే ఎక్కువుంటే జవాబు అంతకంటే తగ్గాలి. పెరిగిందంటే లాగ్ లోపల భిన్నం తిరగబడిందన్నమాట.

పీ-బ్లాక్ మూలకాల పాఠానికి మాత్రం నాకు ఏ కిటుకూ దొరకలేదు. పొద్దున్నే లేచి చదవడమే.