ఎంబీఏ ఖర్చు జీతంలో తిరిగొస్తుందా? చేరకముందే వేసుకోవాల్సిన లెక్క

విశాఖలో ఎంబీఏకి దారులు చాలానే ఉన్నాయి. క్యాట్ రాసి గంభీరంలోని ఐఐఎంకి వెళ్లొచ్చు, ఐసెట్ ర్యాంకుతో ఆంధ్రా యూనివర్సిటీలో చేరొచ్చు, లేదంటే ప్రైవేటు యూనివర్సిటీ గీతం ఉంది. ఫీజుల్లో తేడా లక్షల్లో ఉంటుంది కానీ లెక్క వేసే పద్ధతి ఒక్కటే.

ముందు కాలేజీ చెప్పే 'సగటు ప్యాకేజీ'ని పక్కన పెట్టండి. తొమ్మిది మందికి 6 లక్షలు, ఒక్కరికి 40 లక్షలు వచ్చినా సగటు 9.4 లక్షలుగా చూపిస్తుంది. చూడాల్సింది మధ్యస్థ జీతం, అంటే మీడియన్: అందరి జీతాలనూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగు కోసం కాలేజీలు ఇచ్చే వివరాల పత్రంలో ఎంతమంది కోర్సు పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ ఎంత అన్నవి ఉంటాయి. ఉద్యోగం రానివాళ్లు ఆ మీడియన్‌లో లెక్కకు రారు. కాబట్టి మొదటి రెండు అంకెలు చూడకుండా మూడోది నమ్మొద్దు.

సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు వేరు, చేతికొచ్చేది వేరు. యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరు బట్టి ఇచ్చే వేరియబుల్, ఒక్కసారే వచ్చే జాయినింగ్ బోనస్ అన్నీ ప్యాకేజీలో కలిపేస్తారు. అవి తీసేశాకే పోల్చాలి.

ఇక అసలు లెక్క. మధురవాడలో సొంతింట్లో ఉంటూ నెలకు చేతికి 30,000 తెచ్చుకునే ఉద్యోగిని తీసుకుందాం. ఫీజు, హాస్టలు కలిపి 15 లక్షలు అనుకోండి. ఏటా పది శాతం పెరిగే జీతాన్ని రెండేళ్లు వదులుకుంటే పోయేది 7.56 లక్షలు. మొత్తం 22.56 లక్షలు.

చాలామంది తప్పేది ఇక్కడే: కొత్త జీతాన్ని పాత 30,000తో పోలుస్తారు. చదవకపోయినా రెండేళ్లకు అది 36,300 అయ్యేది. ఎంబీఏ తర్వాత చేతికి 65,000 వస్తే నెలకు నిజమైన లాభం 28,700. పెట్టింది తిరిగిరావడానికి ఆరున్నరేళ్లు. అదే ఉద్యోగం బెంగళూరులో వచ్చి అద్దెకు 15,000 పోతే మిగిలేది 13,700, గడువు దాదాపు పద్నాలుగేళ్లు! జీతాలతో పాటు తేడా కూడా పెరుగుతుంది కాబట్టి ఈ గడువు కొంత తగ్గుతుంది, అప్పు వడ్డీ దాన్ని మళ్లీ పెంచుతుంది.

15 లక్షల అప్పుకు 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువైతే నెలవారీ వాయిదా సుమారు 19,800. చదువుకునే కాలంలో వడ్డీ కట్టకపోతే అది అసలులో కలిసి వాయిదా ఇంకా పెరుగుతుంది. కనీసం ఆ వడ్డీ అయినా ఇంట్లోవాళ్లు నెలనెలా కట్టగలరేమో ముందే మాట్లాడుకోండి. విద్యారుణంపై ఆదాయపన్ను మినహాయింపు వడ్డీకే, ఎనిమిదేళ్లే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానం ఎంచుకుంటే దాన్ని లెక్కలో వేయొద్దు.

స్టీల్ ప్లాంటు, పోర్టు, పరవాడ ఫార్మా లాంటి చోట్ల ఇప్పటికే పనిచేస్తున్నవాళ్లు హెచ్ఆర్‌ని ఒక్క మాట అడగాలి: ఈ డిగ్రీతో గ్రేడు మారుతుందా? మారదంటే ఉద్యోగం మానేసి చదవడం దండగ. మారుతుందంటే దూరవిద్య డిగ్రీని ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఒప్పుకుంటే వదులుకునే జీతం సున్నా, గడువు ఏడాదీ రెండేళ్లకు దిగొచ్చు. అయితే దూరవిద్యలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఆశించొద్దు.