పాత 8ఎన్ ట్రాక్టర్‌కి స్పార్క్ రావడం లేదా? డిస్ట్రిబ్యూటర్‌ని ఇలా పరీక్షించండి

నా దగ్గరున్న ఫోర్డ్ 8ఎన్ 1949 నాటి బండి. చల్లగా ఉన్నప్పుడు బటన్ నొక్కగానే అందుకునేది. నలభై నిమిషాలు నడిచాక మాత్రం, ఎవరో తాళం తిప్పేసినట్టు టక్కున ఆగిపోయేది. అరగంట చల్లారనిస్తే మళ్లీ మామూలే. పెట్రోలు అందడం లేదనుకుని కార్బొరేటర్ విప్పి కడిగాను. కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని స్పార్క్‌కి సరిపడా పెంచేది) మార్చాను, కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా ఆపేది) మార్చాను, ప్లగ్గులూ వైర్లూ మార్చాను. మూడు వారాలు అలాగే గడిచాయి. చివరికి లోపం దొరికింది డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా పంచేది) లోపల, కాయిల్ నుంచి పాయింట్లకి (కరెంటుని కలుపుతూ విడదీస్తూ స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చికి) కరెంటు తీసుకెళ్లే చిన్న రాగి పట్టీ దగ్గర. దాని కింద ఇన్సులేటర్ చిట్లింది. ఇంజిన్ వేడెక్కితే పట్టీ బాడీకి తగిలి ఎర్త్ అయిపోయేది. అప్పట్నుంచి మీటర్ పెట్టి చూడకుండా నేను ఒక్క పార్టూ కొనలేదు. మీరూ అలాగే చేయాలని నా కోరిక.

ముందు మీ బండికి ఏ రకం ఉందో చూసుకోండి. 1939లో వచ్చిన 9ఎన్, తర్వాతి 2ఎన్, తొలి 8ఎన్ బళ్లు, వీటన్నిటికీ డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ ముందు భాగంలో, ఫ్యాన్ వెనక ఉంటుంది. నలుచదరపు కాయిల్ దాని నెత్తినే కూర్చుంటుంది. 1950లో సీరియల్ నంబరు 263844 నుంచి డిస్ట్రిబ్యూటర్‌ని ఇంజిన్ పక్కకి మార్చారు, గుండ్రటి కాయిల్ విడిగా బిగించారు. నేను చెప్పేది ముందువైపు ఉండే రకం గురించి. పరీక్షించే తీరు రెండింటికీ దాదాపు ఒకటే, కొలతలే వేరు.

గేరు న్యూట్రల్‌లో పెట్టండి, పెట్రోలు ట్యాప్ కట్టేయండి, చుట్టూ పెట్రోలు కారి లేదని చూసుకోండి. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని కొనని ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని, ఇంజిన్ ఇనుముకి పావు అంగుళం దూరంలో ఉంచండి. మరొకరిని సెల్ఫ్ నొక్కమనండి. నీలి తెలుపు రంగులో, చిటపటమని ఆ దూరం దూకితే స్పార్క్ బాగున్నట్టు. పల్చగా పసుపు రంగులో వచ్చినా, కాగితమంత సందునే దాటినా, అది బలహీనంగా ఉన్నట్టే. ప్లగ్గుని బయట పెట్టి చూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. బయటి గాలిలో ప్లగ్గు గ్యాప్ దూకిన స్పార్క్, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగాక దూకకపోవచ్చు.

నాలుగు వైర్లూ ఇలాగే చూడండి. ఒక్కదానికే రాకపోతే ఆ వైరో, క్యాప్‌లో (డిస్ట్రిబ్యూటర్ మూతలో) ఆ గూడో పాడైంది. దేనికీ రాకపోతే లోపం కాయిల్, పాయింట్లు, కండెన్సర్, రోటర్ (క్యాప్ కింద తిరుగుతూ స్పార్క్‌ని ఒక్కో వైరుకి అందించేది) వీటిలో ఉంది, లేదా అసలు అక్కడిదాకా కరెంటే రావడం లేదు.

ఇప్పుడు మీటర్ తీయండి. ఈ బళ్లు 6 వోల్టులవి, పైగా పాజిటివ్ ఎర్త్, బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది. అంటే మీటర్ ఎర్ర వైరు ఇంజిన్‌కి, నల్ల వైరు కాయిల్ నెత్తి మీది టెర్మినల్‌కి. తాళం ఆన్ చేసి, సెల్ఫ్‌ని కొద్దికొద్దిగా తడుతూ రీడింగ్ గమనించండి. పాయింట్లు విడిపోయినప్పుడు బ్యాటరీ వోల్టేజి పూర్తిగా కనబడాలి. కలిసినప్పుడు అది సుమారు సగానికి పడిపోవాలి, మిగతాది డ్యాష్‌బోర్డు వెనకున్న రెసిస్టర్ దగ్గర ఖర్చవుతుంది. ఎప్పుడు చూసినా పూర్తి వోల్టేజే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా మురికి పట్టి కరెంటు దాటడం లేదు. ఎప్పుడు చూసినా సగమే ఉంటే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కరెంటు వేరే దారిలో ఎర్త్ అవుతోంది. అసలేమీ లేకపోతే డిస్ట్రిబ్యూటర్‌ని ముట్టుకోకండి. స్విచ్చి, రెసిస్టర్, వైరింగ్ చూడండి. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఆ మూడు వారాలూ నాకు మిగిలేవి.

తర్వాత డిస్ట్రిబ్యూటర్‌ని బయటికి తీయండి. ఫ్యాన్ సందులో చెయ్యి దూర్చి పాయింట్లు సరిచేయాలని చూడొద్దు, కనబడదు, కుదరదు. ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ప్లగ్గు వైర్లకి టేప్ చుట్టి నంబర్లు రాయండి, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకి స్పార్క్ అందే వరస) 1-2-4-3. కాయిల్, క్యాప్ తీశాక రెండే బోల్టులు, బాడీ చేతిలోకి వస్తుంది. షాఫ్ట్ కొసన ఉన్న నాలుక మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిగి ఉంటుంది కాబట్టి తిరిగి ఒకే తీరులో కూర్చుంటుంది, టైమింగ్ తప్పిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు. కూర్చోకపోతే బోల్టులు బిగించి లోపలికి లాగొద్దు, బాడీ పగులుతుంది. షాఫ్ట్‌ని సగం చుట్టు తిప్పితే సరిపోతుంది. పక్కవైపు రకానికి ఈ సౌకర్యం లేదు, తీసేముందు రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి.

బల్ల మీద పెట్టాక షాఫ్ట్‌ని పక్కలకి ఊపి చూడండి. బుష్‌లు (షాఫ్ట్ తిరిగే లోపలి గొట్టాలు) అరిగిపోతే షాఫ్ట్ కదులుతుంది, అప్పుడు పాయింట్ల మధ్య గ్యాప్ ఎంత శ్రద్ధగా పెట్టినా నిలవదు. పాయింట్లని తెరిచే క్యామ్ నాలుగు మూలల దగ్గరా గ్యాప్ కొలవండి. 0.002, 0.003 అంగుళానికి మించి తేడా ఉంటే బుష్‌లు మార్చాల్సిందే. ముందువైపు రకానికి గ్యాప్ 0.015 అంగుళం, పక్కవైపు రకానికి 0.025. ఫీలర్ గేజ్ బ్లేడుని నూనె లేకుండా తుడిచి వాడండి, పాయింట్లకి నూనె అంటితే అది కాలి నల్ల పొర కడుతుంది. కొత్త పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా పూత ఉంటుంది, దళసరి కాగితాన్ని స్పిరిట్‌తో తడిపి వాటి మధ్య నుంచి లాగండి. ఎమరీ పేపర్ వద్దు, దాని రవ్వలు లోపల ఇరుక్కుంటాయి. క్యామ్‌ని రాసుకునే దిమ్మకి చిటికెడు గ్రీజు చాలు.

ఇక నా బండిని ఏడిపించిన చోటు. పాయింట్ల మధ్య పొడి కాగితం ముక్క పెట్టండి. మీటర్‌ని ఓమ్స్‌లోకి మార్చి, ఒక కొన రాగి పట్టీకి, ఒక కొన బాడీకి ఆనించండి. కనెక్షన్ చూపించకూడదు. చూపిస్తే కండెన్సర్ వైరు విడదీసి మళ్లీ చూడండి. అప్పుడు పోతే కండెన్సర్ లోపల షార్ట్ అయింది, అప్పటికీ ఉంటే పట్టీ ఎక్కడో తగులుతోంది. చల్లగా ఉన్నప్పుడు ఏమీ కనబడకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో పది నిమిషాలు వేడి చేసి మళ్లీ కొలవండి. నాకు లోపం బయటపడింది అప్పుడే. కండెన్సర్ విషయంలో ఇంకో మాట, కొత్తదని నమ్మకండి. డబ్బాలోంచి తీసిన కొత్తది కూడా నాకోసారి షార్ట్ అయ్యే వచ్చింది. పాతది బాగుంటే దాన్నే ఉంచండి. పాయింట్లు కొత్తవే అయినా త్వరగా నల్లబడి గుంటలు పడుతుంటే మాత్రం కండెన్సర్‌నే అనుమానించాలి.

క్యాప్‌ని వెలుతురులో తిప్పుతూ లోపలి వైపు పెన్సిలు గీత లాంటి నల్ల చార ఉందేమో వెతకండి. అది స్పార్క్ దారి తప్పిన గుర్తు, తుడిస్తే పోదు, క్యాప్ మార్చాలి. రోటర్ పగిలినా ఇదే కథ. క్యాప్ కింద గ్యాస్కెట్ లేకపోతే తేమ చేరి, పొద్దున్నే స్టార్ట్ కాదు. అడ్వాన్స్ వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ని ముందుకు జరిపే బరువులు) వేలితో తోస్తే కదిలి, స్ప్రింగుతో వెనక్కి రావాలి. జిగురు పట్టి ఉంటే కడిగి ఒక చుక్క నూనె వేయండి.

మీ బండిని ఎవరైనా 12 వోల్టులకి మార్చి ఉంటే, కాయిల్ కూడా 12 వోల్టులదేనా, లేక 6 వోల్టుల కాయిల్‌కి అదనంగా రెసిస్టర్ పెట్టారా అన్నది చూడండి. రెండూ లేకపోతే కాయిల్, పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా కాలిపోతాయి.

బిగించాక పది నిమిషాలు ఐడిలింగ్‌లో నడిపి సరిపెట్టొద్దు. పని చేయిస్తూ గంట నడపండి, వేడి మీద ఆగిపోయే జబ్బు ఉంటే అప్పుడే తెలుస్తుంది. ఆపేశాక తాళం ఆఫ్‌లో ఉందని మరోసారి చూడండి. పాయింట్లు కలిసిన చోట ఇంజిన్ ఆగి, తాళం ఆన్‌లో ఉండిపోతే, తెల్లారేసరికి బ్యాటరీతో పాటు కాయిల్ కూడా పోవచ్చు.