శుక్రవారం రాత్రి చారల చొక్కా: హైస్కూల్ ఫుట్‌బాల్ రెఫరీ అవ్వాలంటే

మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. వాడు ఆడేది నాకు ముక్క అర్థమయ్యేది కాదు. రూల్స్ తెలుసుకుందామని ఆ వేసవిలో రెఫరీల ట్రైనింగ్‌కి వెళ్లాను. వాడు ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు, ఆట ఎప్పుడో వదిలేశాడు. నాకు మాత్రం ఇది ఆరో సీజన్. పగలు ఫార్మసీలో పని, శుక్రవారం సాయంత్రం డాలస్ చుట్టుపక్కల ఏదో ఒక స్టేడియంలో హెడ్ లైన్స్‌మన్, అంటే సైడ్‌లైన్ దగ్గర నిలబడే రెఫరీ. "మేమూ చేయొచ్చా? రూల్స్ అన్నీ ఎలా గుర్తుంటాయి?" అని మనవాళ్లు అడుగుతుంటారు. తప్పకుండా చేయొచ్చు. రూల్స్ చదివితే వస్తాయి. చూడటం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది, మనకు మార్కులు పడేది కూడా అక్కడే.

చేరడం కష్టం కాదు. టెక్సాస్‌లో టాసో అనే రెఫరీల సంఘం ఉంది, దాని కింద ఊళ్లవారీగా చాప్టర్లు ఉన్నాయి. మీకు దగ్గర్లో ఉన్న చాప్టర్‌కి ఫోన్ చేస్తే వేసవి క్లాసులు ఎప్పుడో చెబుతారు. పుస్తకం విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ ఆటకు ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూళ్ల జాతీయ సమాఖ్య) రూల్ బుక్ వాడతారు. టెక్సాస్‌లో కాలేజీల పుస్తకమే తీసుకుని కొన్ని మార్పులు చేసుకుంటారు. ఇది తెలియకుండా యూట్యూబ్ వీడియోలు చూస్తే తికమక తప్పదు. ఉదాహరణకు, డిఫెన్స్ వాళ్లు పాస్ ఇంటర్‌ఫియరెన్స్ చేస్తే (పాస్ పట్టుకోబోయేవాడిని అడ్డుకుంటే) ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్‌లో 15 గజాలు ఇస్తారు కానీ దానంతటదే ఫస్ట్ డౌన్ (పది గజాలు దాటడానికి మళ్లీ నాలుగు ప్రయత్నాలు, ఒక్కోటీ ఒక డౌన్) రాదు. మా దగ్గర ఫస్ట్ డౌన్ వస్తుంది. ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి పుస్తకమే చదవండి.

మొదటి ఏడాది మిడిల్ స్కూల్, ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి), జేవీ (స్కూల్ రెండో జట్టు) ఆటలే ఇస్తారు. శుక్రవారం రాత్రి లైట్ల కింద జరిగే వార్సిటీ (స్కూల్ మొదటి జట్టు) ఆటకు తొందరపడకండి. చిన్న పిల్లల ఆటలో తప్పులు ఎక్కువ, బంతి ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. కన్ను పదునెక్కాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

ఇక అసలు పని. మైదానంలో 22 మంది ఆటగాళ్లు, ఐదుగురం మేం. పెద్ద ఆటలకు ఏడుగురు ఉంటారు. అందరూ బంతినే చూస్తే మిగతా ఆటంతా గాలికి పోతుంది. అందుకే ప్రతి ఒక్కరికీ స్నాప్ (సెంటర్ బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టే క్షణం) సమయంలో చూడాల్సిన మనిషి ఒకరు ఉంటారు, దాన్నే 'కీ' అంటాం. తెల్ల టోపీ పెట్టుకునే ప్రధాన రెఫరీ, బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ వెనక ఉంటాడు. అంపైర్ లైన్ మధ్యలో ఉండే సెంటర్‌నీ, అతని పక్కనుండే గార్డులనీ చూస్తాడు. నాలాగా సైడ్‌లైన్ దగ్గర నిలబడేవాళ్లకు మొదటి కీ మా వైపు టాకిల్, అంటే గార్డు పక్కన ఉండే ఆటగాడు. స్నాప్ కాగానే అతను ముందుకు దూకాడా, పరుగు రాబోతోంది. వెనక్కి జరిగి నిటారుగా నిలబడ్డాడా, పాస్ రాబోతోంది, అప్పుడు నా కళ్లు బయటివైపు రిసీవర్ (పాస్ పట్టేవాడు) మీదకు వెళ్లాలి. ఇదంతా ఒక సెకనులోపు జరిగిపోవాలి. చిన్నప్పుడు మా స్కూల్లో కబడ్డీకి మా పీఈటీ సారు నన్ను లైన్ దగ్గర నిలబెట్టి, "కూతకొచ్చినవాడి మొహం చూడకమ్మా, పాదం చూడు" అనేవారు. ఇక్కడ మొదటి క్లాసులో అదే మాట ఇంగ్లీషులో విన్నాను.

మొదటి ఏడాది నా ఆట ఫిల్మ్ మీద చూపించినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. సీజన్‌లో ఒకటి రెండుసార్లు ఎవాల్యుయేటర్ (మా పనికి మార్కులు వేసేవారు) స్టాండ్స్‌లో కూర్చుని చూస్తారు, ఆ తర్వాత మాతో కలిసి ఫిల్మ్ చూస్తారు. ఆయన వీడియో ఆపింది ఫ్లాగ్ (ఫౌల్ అని చూపడానికి విసిరే గుడ్డ) వేసిన చోట కాదు, స్నాప్ దగ్గర. "నీ టోపీ అంచు ఎటు ఉందో చూడు" అన్నారు. స్టాండ్స్ పైనుంచి తీసిన వీడియోలో కళ్లు కనపడవు, టోపీ అంచు కనపడుతుంది. నా టోపీ బంతి వైపే తిరిగి ఉంది. నేను చూడాల్సిన టాకిల్ అదే క్షణంలో డిఫెన్స్‌లో చివర ఉండే ఆటగాడి చొక్కాను వెనకనుంచి గుప్పిట్లో పట్టుకుని తిప్పేస్తున్నాడు. పరుగు ఆ సందులోంచే వెళ్లింది. నా ఫ్లాగ్ నడుముకే ఉండిపోయింది. ఆ ప్లే పక్కన ఆయన 'వదిలేసిన ఫౌల్' అని రాశారు. ఆ తర్వాత ఇరవై ప్లేలలో ప్రతి స్నాప్ దగ్గరా ఆపి టోపీ అంచే చూపించారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

మార్కులు వేసే పద్ధతి ఒక్కో చోట ఒక్కో రకం, కానీ లోపల చూసేది ఇంచుమించు ఒకటే. ఫ్లాగ్ వేస్తే అది సరైనదా, తప్పా, మార్జినలా (అటూ ఇటూ కానిదా) అని చూస్తారు. వేయకపోతే వదిలేయడం సరైనదేనా అని చూస్తారు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మార్జినల్ దగ్గరే. హోల్డింగ్ (ఎదుటివాడిని పట్టుకుని ఆపడం) రూల్ ప్రకారం నిజమే అయినా, బంతి అటు చివర వెళ్తుంటే, ఈ చివర పట్టుకున్నందువల్ల ఎవరికీ నష్టం జరగకపోతే, ఫ్లాగ్ జేబులోనే ఉండాలి. ప్లే అయ్యాక ఆ పిల్లాడితో "72, చేతులు లోపల పెట్టుకో" అని ఒక్క మాట చెబితే చాలు. హెల్మెట్ ముందుండే ఫేస్‌మాస్క్ పట్టి లాగడం, తలకు దెబ్బ తగిలేలా పడగొట్టడం లాంటివి మాత్రం మైదానంలో ఏ మూల జరిగినా వదలకూడదు. పిల్లల మెడలు, తలలు మన చేతుల్లో ఉన్నాయి. ఇందులో బేరం లేదు.

ఫ్లాగ్ గురించి ఒక సంగతి చెప్పాలి. 1941 వరకు ఫౌల్ అయితే రెఫరీలు హారన్లు, ఈలలు ఊదేవాళ్లు. ఆ ఏడాది అక్టోబరులో ఒహాయోలోని యంగ్‌స్టౌన్ కాలేజీ కోచ్ డ్వైట్ బీడ్, జనం గోలలో ఆ చప్పుడు ఎవరికీ వినపడటం లేదని, భార్యతో గుడ్డ జెండాలు కుట్టించి రెఫరీలకు ఇచ్చాడు. నా ఫ్లాగ్ అంచు ఊడితే నేనే సూదీ దారం తీసుకుని కుట్టుకుంటాను. ఆవిడే గుర్తొస్తుంది.

ఈల సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి. రెండో ఏడాది ఒక జేవీ ఆటలో క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చినట్టు నటించి, తనే పట్టుకుని రెండోవైపు పరిగెత్తాడు. నా ముందు పిల్లలు కుప్పగా పడ్డారు, ప్లే అయిపోయిందనుకుని నేను ఈల ఊదేశాను. ఆ పిల్లాడి ముందు ఎండ్ జోన్ (బంతితో చేరితే టచ్‌డౌన్ వచ్చే చోటు) దాకా ఒక్కరూ లేరు. ఈల మోగగానే ఆగిపోయి నా వైపు చూశాడు. పొరపాటున ఈల మోగితే బంతి ఉన్న జట్టుకు రెండే దారులు: ఈల మోగిన చోటి నుంచి తర్వాతి ప్లే ఆడాలి, లేదంటే ఆ డౌన్ మళ్లీ ఆడాలి. టచ్‌డౌన్ మాత్రం తిరిగి రాదు. అప్పటినుంచి నేను నోట్లో పెట్టుకునే ఈల మానేసి వేలికి తొడుక్కునేది వాడుతున్నాను. చెయ్యి నోటిదాకా వచ్చేలోపు బంతి ఎవరి దగ్గరుందో కళ్లతో చూసి తీరాలి. బంతి కనపడకపోతే ఈల లేదు.

మంచి మార్కులు తెచ్చే చిన్న పనులు ఇంకా ఉన్నాయి. బంతి ఆగిన చోటు చూపించేటప్పుడు సైడ్‌లైన్ వెంట సమాంతరంగా వచ్చి, అక్కడ లంబంగా లోపలికి తిరగండి. అడ్డదారిన ఏటవాలుగా వచ్చారంటే చోటు ఊహించి చెబుతున్నారని ఎవాల్యుయేటర్‌కి తెలిసిపోతుంది. ఎదురు సైడ్‌లైన్‌లో ఉన్న లైన్ జడ్జ్ పాదం, మీ పాదం ఒకే గీత మీద ఉండాలి. హెడ్ లైన్స్‌మన్ అయితే చైన్ (రెండు కర్రల మధ్య ఉండే పది గజాల గొలుసు) మీ బాధ్యత. ఫస్ట్ డౌన్ రాగానే చైన్ ఏ ఐదు గజాల గీతను దాటుతుందో అక్కడ క్లిప్ పెట్టించండి. కొలత కోసం చైన్‌ని మైదానంలోకి తెచ్చినప్పుడు, ఎవరైనా తగిలి కర్ర జారినప్పుడు, ఆ క్లిప్పే కాపాడుతుంది. చైన్ పట్టేవాళ్ల పేర్లు ఆటకు ముందే అడిగి తెలుసుకోండి. వాళ్లు మీ జట్టే.

కోచ్ మీ చెవి పక్కనే అరుస్తాడు. అరవనివ్వండి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పండి, ప్రశ్న కాకపోతే మాట్లాడకండి. "కోచ్, 72 చొక్కా పట్టుకుని తిప్పాడు, పరుగు అటే వచ్చింది." ఇంతే. నంబరు, చేసిన పని, చోటు. నేను చెప్పాక చాలామంది కోచ్‌లు "యెస్ మేమ్" అని తమ పనిలో పడతారు. తప్పు చేస్తే "అది నేను చూడలేదు కోచ్" అని ఒప్పుకోండి. ఆడవాళ్లు మైదానంలో నిలబడగలరా అని సందేహపడే అమ్మలకు ఒక మాట: 2021 సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనల్)లో సారా థామస్ చేసిన పని డౌన్ జడ్జ్. నేను శుక్రవారం చేసేదీ అదే, పేరే వేరు. ఆమె కూడా హైస్కూల్ మైదానాల నుంచే వచ్చింది.

శనివారం పొద్దున్న ఒక పని చేయండి. ఫిల్మ్ తెరవకముందు కాఫీ పెట్టుకుని, నిన్నటి ఆటలో మీకు అనుమానం మిగిలిన మూడు ప్లేలు కాగితం మీద రాయండి. క్వార్టర్, డౌన్, మీ కీ ఎవరు, అతను ఏం చేశాడు. గుర్తు రాకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి. తర్వాత వీడియో పెట్టి స్నాప్ దగ్గర ఆపండి, టోపీ అంచు చూడండి, రాసినదాంతో పోల్చండి. నా మొదటి సీజన్ కాగితాల్లో ఖాళీ గడులే ఎక్కువ. పోయిన వారం కాగితంలో ఒక్కటే ఉంది: నాలుగో క్వార్టర్, థర్డ్ డౌన్, టాకిల్ నంబరు.