న్యూజెర్సీలో ఇంటిల్లిపాదీ పండ్ల తోటకు వెళ్లడం ఎలా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు న్యూజెర్సీలో ఏం చూపించాలని అడిగితే, నేను మొదట చెప్పేది తోటే. పండ్లు మనమే కోసుకుని, తూకం వేయించి, డబ్బు కట్టి తెచ్చుకునే ‘పిక్ యువర్ ఓన్’ తోటలు ఇక్కడ చాలా ఉన్నాయి. మాల్‌లో బెంచీ వెతుక్కునే పెద్దవాళ్లు చెట్ల మధ్యకు వచ్చేసరికి నేల తీరు, నీళ్ల పైపులు, పూత సంగతి అడగడం మొదలుపెడతారు. అందుకే వెళ్తే తీరుబడిగా, పండు బాగా ఉన్న రోజు చూసుకుని వెళ్లాలి.

1. ముందు పండు, ఆ తర్వాతే తోట

స్ట్రాబెర్రీలు మే చివర మొదలై జూన్ మధ్యకల్లా అయిపోతాయి. జూన్ చివర నుంచి జులై అంతా బ్లూబెర్రీలు, జులై, ఆగస్టుల్లో పీచ్‌లు, సెప్టెంబరు, అక్టోబరుల్లో యాపిల్స్. ఎండావానలను బట్టి వారం అటూ ఇటూ అవుతుంది. ఫ్రీహోల్డ్‌లో బ్యాటిల్‌వ్యూ ఆర్చర్డ్స్, ప్రిన్స్‌టన్ దగ్గర టెర్‌హ్యూన్ ఆర్చర్డ్స్, చెస్టర్‌లో ఆల్‌స్టెడ్ ఫామ్స్ ఉన్నాయి. ట్రాఫిక్ లేకపోతే ఎడిసన్ ఊరి నుంచి ఈ మూడు తోటల్లో దేనికైనా గంటలోపే చేరుకోవచ్చు.

బయల్దేరే రోజు పొద్దున్నే తోట వెబ్‌సైటు తప్పక చూడండి. శనివారం జనం పండినవన్నీ కోసేస్తే, మిగతావి పండేదాకా ఆదివారం మూసేయవచ్చు. కొన్నిచోట్ల టికెట్ ముందే కొనాలి.

2. బయల్దేరే ముందు

చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. పొడవు ప్యాంటు, టోపీ, నీళ్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే స్ట్రాబెర్రీలకు కాకుండా బ్లూబెర్రీలకో పీచ్‌లకో తీసుకెళ్లండి. స్ట్రాబెర్రీ నేల మీద ఉంటుంది, కోసినంతసేపూ వంగే ఉండాలి. బ్లూబెర్రీ పొద నిలబడితే చేతికందుతుంది.

3. కోయడం

స్ట్రాబెర్రీ కోశాక ఇక పండదు. తొడిమ దాకా ఎర్రబడినదాన్నే, కాస్త కాడతో గిల్లండి.

బ్లూబెర్రీ నీలంగా కనిపించగానే కోసేయకండి. తొడిమ దగ్గర ఎర్రటి ఛాయ ఉంటే ఇంకా పులుపే. గుత్తి కింద బకెట్ పట్టి బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే పండినవి రాలతాయి, పచ్చివి కొమ్మకే ఉండిపోతాయి. అడవి కాయగా ఉన్న దీన్ని తోట పంటగా మలిచింది కూడా న్యూజెర్సీలోనే. వైట్స్‌బాగ్ అనే ఊళ్లో తోటల యజమాని కుటుంబానికి చెందిన ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి చేసిన కృషి వల్ల 1916లో తొలి పంట అమ్మకానికి వచ్చింది. పిల్లలకు ఈ కథ పొద పక్కనే చెబితే బాగుంటుంది.

పీచ్‌కి ఎరుపు చూడకండి. ఎరుపు లేని చోట ఆకుపచ్చ పోయి పసుపు తిరిగిందా అన్నదే లెక్క. వేళ్లతో నొక్కి చూస్తే ఆ చోటే కుళ్లుతుంది.

యాపిల్‌ని కిందికి లాగకూడదు. అరచేతిలో పట్టుకుని పైకెత్తి తిప్పితే తొడిమతో సహా వచ్చేస్తుంది. లాగితే వచ్చే ఏడాది పూయాల్సిన చిన్న కొమ్మ కూడా ఊడొస్తుంది. పిల్లలను చెట్టెక్కనివ్వకండి, కొమ్మలు ఊపనివ్వకండి. రైతు ఏడాది కష్టం అది. రుచి చూడొచ్చా అని కూడా అడిగే తినండి.

4. ఎంత కోయాలి?

వారంలో తినగలిగినంత. ఒక పౌండు అంటే సుమారు 454 గ్రాములు. బకెట్ నిండేదాకా కోయాలన్న ఉత్సాహం బిల్లు దగ్గర తెలుస్తుంది.

5. తోట అంగడిలో మన వంటకు కావలసినవి

చాలామంది డోనట్లు కొనుక్కుని కారెక్కేస్తారు. నా దృష్టిలో అసలు కొనాల్సినవి కూరగాయలు. ‘జెర్సీ ఫ్రెష్’ గుర్తు ఉంటే ఈ రాష్ట్రంలో పండినదని అర్థం. 1984లో ప్రభుత్వమే మొదలుపెట్టిన కార్యక్రమమిది. గుర్తు లేకపోతే ఎక్కడ పండిందో అడగండి.

వసంతకాలంలో వచ్చే రూబార్బ్ అనే మొక్క కాడలు మంచి పులుపు. కందిపప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. కానీ గోంగూర అలవాటుతో దాని ఆకు మాత్రం వండకండి. రూబార్బ్ ఆకు విషం, కాడే తినాలి. ఆగస్టులో పొడవాటి లేతపచ్చ మిరపకాయలు బజ్జీలకు సరిగ్గా సరిపోతాయి. మంచు పడే ముందు, అక్టోబరులో, పచ్చి టమాటాలు ఉన్నాయేమో అడగండి. పచ్చడికి, పప్పుకి వాటికి మించినవి లేవు. గ్రానీ స్మిత్ అనే పుల్లటి పచ్చ యాపిల్ తురిమి పులిహోర కలిపితే మామిడికాయ పులిహోరకు దగ్గరగా వస్తుంది. క్రాన్‌బెర్రీలు దొరికితే ఆవపిండి, కారం కలిపి ఊరగాయ పెట్టేయండి.

6. ఇంటికి వచ్చాక

మొట్టమొదట పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, తలలో పిడుదులున్నాయేమో చూడండి. ఇక్కడి పిడుదుల్లో కొన్ని కుట్టి లైమ్ అనే జబ్బు అంటిస్తాయి. బెర్రీలను తినే ముందే కడగాలి, తడితో ఫ్రిజ్‌లో పెడితే బూజు పడతాయి. గట్టిగా ఉన్న పీచ్‌లను బయటే ఉంచితే రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. బ్లూబెర్రీలు మిగిలితే పళ్లెంలో పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టాక సంచిలోకి మారిస్తే ఒకదానికొకటి అంటుకోవు.